బండి ముందుకాళ్ళలో నూనె

మోటారు సైకిలు ఉన్న ఇంట్లో ఇంజను ఆయిలు సంగతి తెలియనివాళ్ళు ఉండరు. చైనుకు నూనె పెడతారు, టైర్లలో గాలి చూస్తారు, దసరాకు కడిగి పసుపు కుంకుమ పెడతారు. కాని ముందు చక్రానికి అటూ ఇటూ నిలబడి ఉన్న రెండు గొట్టాలలో కూడా నూనె ఉంటుందనీ, ఆ నూనెకూ వయసు మళ్ళుతుందనీ చాలామందికి తట్టదు. ఇంజను ఆగిపోతే బండి నడవదు కాబట్టి వెంటనే షెడ్డుకు తోసుకుపోతాం. ముందు షాకుల్లో నూనె చచ్చిపోయినా బండి నడుస్తూనే ఉంటుంది. ఏదో ఒకరోజు మలుపులో బ్రేకు పట్టినప్పుడు గాని దాని లోటు తెలియదు.

షెడ్లలో "ముందు షాకులు" అని పిలిచే ఈ భాగానికి పుస్తకాలలో టెలిస్కోపిక్ ఫోర్కు అని పేరు. దూరదర్శినిలో లాగా ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి జారుతుంది కనుక ఆ పేరు వచ్చింది. లోపల నూనెతో ఊపును అదుపు చేసే ఇలాంటి ఫోర్కును 1935లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యూ. కంపెనీ తన ఆర్ 12 బండికి అమర్చి అమ్మింది. మన దేశంలో మద్రాసు బుల్లెట్టుకూ, మైసూరు జావాకూ, తరువాత ఇంటింటికీ వచ్చిన వంద సీసీ బళ్ళకూ సూత్రం అదే. 2018లో మన సత్యవేడు దగ్గర మాదన్నపాళెంలో శంకుస్థాపన జరిగిన హీరో ఫ్యాక్టరీ నుంచి వచ్చే మామూలు బళ్ళ ముందుకాళ్ళలోనూ అదే సూత్రం. తొంభై ఏళ్ళయినా మారలేదంటే అందులో ఏదో గట్టి భౌతికశాస్త్రం ఉండి తీరాలి. ఆ శాస్త్రం మనం డిగ్రీ మొదటి సంవత్సరంలో చదివిందే. అది తెలిస్తే పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. తెలియకుండా చేస్తే మాత్రం ప్రమాదం.

మూడు పనులు, ముగ్గురు పనివాళ్ళు

ఒక్కొక్క కాలులో ముగ్గురు పనివాళ్ళు ఉన్నారనుకోండి: స్ప్రింగు, నూనె, నూనెకు పైన మిగిలిన గాలి. స్ప్రింగు బరువు మోస్తుంది. నూనె ఊపును అణుస్తుంది. గాలి చివరి క్షణంలో దెబ్బ కాస్తుంది. ఒకరి పని ఇంకొకరి చేత చేయించబోయినప్పుడే బండి చెడుతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

మొదట స్ప్రింగు. రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమం ప్రకారం స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంత బలంతో తిరిగి తోస్తుంది. అయితే మోసిన బరువును అది మింగదు, దాచుకుంటుంది. దాచుకున్నదంతా మళ్ళీ వదిలేస్తుంది. పాత జట్కా బండికి పట్టీల స్ప్రింగు ఉండేది. పట్టీ మీద పట్టీ రాసుకోవడం వల్ల ఆ ఊపు కొంత తానే చచ్చేది. చుట్టల స్ప్రింగుకు ఆ రాపిడి దాదాపు లేదు. ఒట్టి స్ప్రింగు మీద బండి పెడితే ఒక గుంతకు పది ఊపులు ఊగుతుంది.

అందుకే నూనె. ఫోర్కు నొక్కుకున్నప్పుడు లోపలి నూనె చిన్న చిన్న రంధ్రాల గుండా ఒక అర నుంచి ఇంకో అరకు పరుగెత్తాలి. ఆ పరుగులో చలన శక్తి వేడిగా మారి పోతుంది. మనం అవరుద్ధ డోలనాలు అని చదివే పాఠం ఇదే. ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. చిన్న రంధ్రం గుండా నూనె వేగంగా పోయేటప్పుడు నిరోధం సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లు. స్పీడు బ్రేకరు మీద మెల్లగా ఎక్కితే మెత్తగా ఉండే ఫోర్కు, అదే వేగంగా వచ్చి గుంతలో పడితే కట్టెలాగా బిగుసుకుపోవడానికి కారణం ఇది. "మెత్తగా ఉంది, చిక్కటి నూనె పోయండి" అని అడిగేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. చిక్కటి నూనె బరువు మొయ్యదు. మోసేది స్ప్రింగే. చిక్కటి నూనె చేసేదల్లా గుంత దెబ్బను చేతులకు అందించడమే.

మూడవది గాలి. నూనె మట్టం మీద మూత వరకు ఉన్న గాలి బయటికి పోలేదు. ఫోర్కు నొక్కుకునే కొద్దీ ఆ గాలి కుదించుకుపోతుంది. బాయిల్ నియమం ప్రకారం ఘనపరిమాణం తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. ఒక చిన్న లెక్క చూద్దాం. ఫోర్కు మొత్తం కదలిక 120 మి.మీ. అనుకోండి. పూర్తిగా నొక్కినప్పుడు నూనె పైన 150 మి.మీ. గాలి మిగిలితే, చాచినప్పుడు సుమారు 270 మి.మీ. ఉంటుంది. అంటే అడుగుకు చేరేసరికి ఒత్తిడి 270/150, అనగా 1.8 రెట్లు. ఎవరో ఎక్కువ నూనె పోసి ఆ గాలిని 60 మి.మీ.కు తగ్గించారనుకోండి. అప్పుడు 180/60, అనగా 3 రెట్లు. బయటి గాలి కంటే అదనంగా ఉండే ఒత్తిడి చూస్తే 0.8 వాతావరణం నుంచి 2 వాతావరణాలకు పోయింది, రెండున్నర రెట్లు. అదే సగం కదలిక దగ్గర చూస్తే 1.29కీ 1.5కీ మధ్యే తేడా. గొట్టాల మందం, స్ప్రింగు ఆక్రమించే చోటు వదిలేసి వేసిన సుమారు లెక్క ఇది. కాని విషయం స్పష్టం. నూనె మట్టం మార్చితే ఫోర్కు మొదటి సగం పెద్దగా మారదు, చివరి భాగం బాగా గట్టిపడుతుంది. మరీ ఎక్కువైతే ఆ ఒత్తిడికి ఆయిల్ సీళ్ళు తన్నుకుని కారడం మొదలవుతుంది.

ఘాటు దిగేటప్పుడు

"ఇంత లెక్క మనకెందుకు? ఏదో యూనివర్సిటీ నుంచి ఊళ్ళోకి పోయొచ్చే బండి" అని మిత్రులు అనవచ్చు. మన జిల్లాల రోడ్లు ఒకసారి తలుచుకోండి. తిరుమల మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరిచారు. ఇప్పుడు దాని మీద కొండ దిగుతాం. పలమనేరు దారిలో మొగిలి ఘాటు, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాటు. దిగుడులో ప్రతి మలుపుకూ ముందు బ్రేకు పట్టక తప్పదు.

బండీ మనిషీ కలిసి 180 కిలోలు అనుకుందాం. రెండు చక్రాల మధ్య దూరం 1.25 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 0.6 మీటరు. గురుత్వ త్వరణంలో సగం మేరకు బ్రేకు పట్టితే వెనుక చక్రం నుంచి ముందు చక్రానికి మారే బరువు 180 × 0.5 × 0.6 ÷ 1.25, అంటే సుమారు 43 కిలోలు. రెండు స్ప్రింగులూ కలిసి కిలోకు ఒక మి.మీ. చొప్పున నొక్కుకునేవైతే బండి ముక్కు 43 మి.మీ. కిందికి దిగుతుంది. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడే 36 మి.మీ. దిగి ఉంది అనుకోండి. మొత్తం 79. మిగిలింది 41 మి.మీ. ఆ మిగిలిన దాంట్లోనే రోడ్డు మీది గుంతను చక్రం కాచుకోవాలి. (ఫోర్కు వాలు కోణం, గాలి సాయం ఈ లెక్కలో వదిలేశాను.)

ఏళ్ళ తరబడి వాడి స్ప్రింగు 15 మి.మీ. కుంగిపోయి ఉంటే ఆ 41 కాస్తా 26 అవుతుంది. పైగా నూనె పలచబడి ఉంటే గుంత దాటిన తరువాత చక్రం నేల మీద నిలవక ఎగిరెగిరి పడుతుంది. నేలను తాకని చక్రానికి ఎంత మంచి బ్రేకు ఉండి ఏం లాభం? ఘర్షణ లేదు, పట్టు లేదు. మలుపులో జారితే పక్కన లోయ. ఇదీ అసలు సంగతి.

మా ఇంట్లో నాయన వాడే వంద సీసీ బండి రోజూ పొద్దున్నే రెండు పాల క్యాన్లు మోస్తుంది. క్యాన్ల బరువు వెనుక పడుతుంది కాబట్టి ముందు చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రం ఇంకా సులువుగా ఎగురుతుంది. "బండి చేతుల్లో నిలవడంలేదురా" అని నాయన అన్నాడని రెండు కాళ్ళూ విప్పి నూనె కొలిస్తే, ఒక కాలులో ఉన్నదాంట్లో సగం కూడా రెండో కాలులో లేదు. ఎప్పుడో ఏదో షెడ్డులో కొలత లేకుండా పోసిన ఫలితం. సేద్యం చేసేవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి బళ్ళు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ముందు రోగం, తరువాత మందు

విప్పే ముందు పరీక్ష చేయాలి. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని హ్యాండిలును కిందికి నొక్కి వదలండి. ఫోర్కు పైకి లేచి ఒక్కసారిలో కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే నూనె పని అయిపోయినట్లు. మెరిసే గొట్టం మీద నూనె వలయం కనిపించినా, వేలికి జిడ్డు తగిలినా సీలు కారుతున్నట్లు. మామూలు బ్రేకుకే ఫోర్కు అడుగుకు కొట్టుకుని టక్కుమంటే స్ప్రింగు కుంగిందో, నూనె తగ్గిందో అనుకోవాలి. గొట్టం మీద గీతలు గాని తుప్పు గుంటలు గాని ఉంటే కొత్త సీలు వేసినా నిలవదు. గొట్టం వంగి ఉంటే ఇంటి పని కాదు. దానిని సాగదీసి తిన్నగా చేయించడమూ మంచిది కాదు, మార్చడమే మేలు.

ఇంటి దగ్గర పని

కావలసినవి: సరైన స్పానర్లు, స్టీలు స్కేలు, కొలత గుర్తులున్న సీసా, పశువులకు సూది వేసే పెద్ద సిరంజి కొత్తది ఒకటి, దానికి తగిలించే సన్న గొట్టం, కంపెనీ చెప్పిన రకం ఫోర్కు నూనె. నూనె పరిమాణం, మట్టం ఎంతన్నది మీ బండి సర్వీసు పుస్తకంలో ఉంటుంది. పక్కింటి బండి లెక్క మీ బండికి పనికిరాదు. డబ్బా మీద 10 డబ్ల్యూ అని ఒకే అంకె ఉన్నా ఒక కంపెనీ నూనెకూ ఇంకో కంపెనీ నూనెకూ చిక్కదనం తేడా ఉంటుంది. అందుచేత రెండు కాళ్ళకూ ఒకే డబ్బా నూనె వాడాలి.

ఇక వరుస ఇది.

1. సమమైన నేల మీద బండిని నడిమి స్టాండు వేసి నిలపండి. ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు చక్రం గాలిలో ఉండేటట్లు చూడండి. కదిపితే బండి కదలకూడదు. పక్కన ఒక మనిషి ఉండడం మంచిది.

2. పైన ఫోర్కును పట్టుకునే బిగింపు బోల్టును వదులు చేసి, కాలు ఇంకా కింది బిగింపులో ఉండగానే పై మూతను కొంచెం వదులు చేయండి. కాలు బయటికి తీశాక మూత తిప్పాలంటే పట్టు దొరకదు.

3. ముందు చక్రం, మడ్‌గార్డు తీయండి. డిస్కు బ్రేకు ఉంటే దాని క్యాలిపరును తీగతో కట్టి వేలాడదీయాలి, పైపు మీద బరువు పడకూడదు. చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు లివరు నొక్కకూడదు. తరువాత కింది బిగింపు వదులు చేసి కాళ్ళను కిందికి జార్చి తీయండి.

4. మూత విప్పేటప్పుడు ముఖం దాని మీదికి వంచవద్దు. లోపల స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చివరి మరలు వచ్చేటప్పుడు గట్టిగా కిందికి అదిమి పట్టి తిప్పాలి. కొన్ని బళ్ళలో మూతను మరలు కాక లోపలి సర్‌క్లిప్ పట్టి ఉంటుంది. అప్పుడు మూతను లోపలికి నొక్కి పట్టి క్లిప్పు తీయాలి, దానికి రెండో మనిషి తప్పనిసరి.

5. లోపలి నుంచి వచ్చిన వాషరు, గొట్టం ముక్క, స్ప్రింగు ఏ వరుసలో వచ్చాయో, స్ప్రింగు దగ్గరి చుట్టలు పైకి ఉన్నాయో కిందికి ఉన్నాయో రాసి పెట్టుకోండి. కాలును తలకిందులు చేసి ఎనిమిది పది సార్లు పంపులాగా ఆడించి నూనె వంపండి. ఒక్కొక్క కాలు నూనెను వేరువేరుగా కొలవండి. రెండింటికీ తేడా ఉంటే అదే మీకు కారణం చెబుతుంది. బూడిదరంగు నూనె అయితే అందులో అరిగిన లోహం పొడి ఉన్నట్లు. పాల రంగుగా ఉంటే నీళ్ళు చేరినట్లు.

6. కాసేపు తలకిందులుగానే ఆనించి ఉంచి, తరువాత కొత్త నూనె పోయండి. లోపలి గొట్టాన్ని మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. చిన్న అరల్లో చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగలు ఆగేవరకు ఆడించి పది నిమిషాలు కదపకుండా నిలబెట్టండి. ఈ ఓపిక లేకపోతే తరువాతి కొలత అబద్ధం అవుతుంది.

7. ఇప్పుడు అసలు కొలత. చాలా బళ్ళకు దీని పద్ధతి ఒకటే: స్ప్రింగు బయట ఉండాలి, కాలు పూర్తిగా నొక్కి ఉండాలి, నిటారుగా నిలబడాలి. గొట్టం పై అంచు నుంచి నూనె మట్టం వరకు ఎన్ని మి.మీ. అన్నది చూడాలి. పుస్తకంలో చెప్పినదానికి కొంచెం ఎక్కువే నూనె పోసి, సిరంజి గొట్టాన్ని సరిగ్గా అంత లోతుకు గుర్తు పెట్టి దించి లాగండి. నూనె అయిపోయి గాలి రావడం మొదలైతే మట్టం కుదిరినట్లే. పోసిన మి.లీ. లెక్క కంటే ఈ మట్టం లెక్క నమ్మకమైనది. ఎందుకంటే పాత నూనె కొంత లోపల అంటుకుని ఉండనే ఉంటుంది.

8. రెండు కాళ్ళకూ మట్టం ఒకటిగా ఉండాలి. పుస్తకం అంకె నుంచి మార్చి చూడదలిస్తే ఒకసారికి 5 మి.మీ. మించకుండా, రెండు కాళ్ళకూ సమానంగా మార్చండి.

9. కాళ్ళు తిరిగి ఎక్కించేటప్పుడు రెండూ పై బిగింపులో ఒకే ఎత్తుకు ఉండాలి. ఇరుసు పెట్టి, దాని బిగింపు పూర్తిగా బిగించకముందే బండిని నేలకు దించి ముందు భాగాన్ని నాలుగైదు సార్లు నొక్కి వదలండి. కాళ్ళు తమంతట తాము సర్దుకుంటాయి. తరువాత అన్నీ పుస్తకంలో చెప్పిన బిగుతుకు బిగించాలి. డిస్కు బ్రేకు ఉంటే బయలుదేరే ముందు లివరు గట్టిపడేవరకు నొక్కండి. మొదటి పరుగు ఖాళీ రోడ్డు మీద, మెల్లగా.

స్ప్రింగు దగ్గర జరిగే పొరపాట్లు

స్ప్రింగును బయటికి తీసినప్పుడే దాని పొడవు కొలిచి పుస్తకంలోని కనీస పొడవుతో పోల్చండి. తక్కువైతే రెండూ కలిపి మార్చాలి, ఒకటి మార్చి ఒకటి ఉంచకూడదు.

కుంగిన స్ప్రింగు మీద పైపు ముక్క గాని వాషర్లు గాని పెట్టి "గట్టి చేశాం" అనడం మన షెడ్లలో అలవాటు. అందులో సగమే నిజం. హుక్ నియమం ప్రకారం స్ప్రింగు గట్టిదనం దాని స్థిరాంకం. పైన 10 మి.మీ. ముక్క పెడితే బండి 10 మి.మీ. ఎత్తుగా నిలుస్తుంది, అంతే. మన లెక్కలోని స్ప్రింగుకు ఆ తరువాత 43 కిలోల బ్రేకు బరువు పడితే దిగేది అప్పుడూ 43 మి.మీ. లే. ఎత్తు సరిచేయడానికి ముక్క మంచిదే, గట్టిదనానికి మందు కాదు.

ఎంత ఎత్తు సరైనది? చక్రం గాలిలో ఉన్నప్పుడు ఫోర్కు కనిపించే పొడవు కొలవండి. తరువాత బండి నిటారుగా ఉండగా రోజూ నడిపే మనిషి ఎక్కి కూర్చుంటే ఇంకొకరు మళ్ళీ కొలవాలి. ఆ తేడా మొత్తం కదలికలో పాతిక వంతుకూ మూడో వంతుకూ మధ్య ఉంటే మామూలు బళ్ళకు సరిపోతుంది. 120 మి.మీ. కదలికకు 30 నుంచి 40 మి.మీ. అన్నమాట.

నిజంగా గట్టి స్ప్రింగు కావాలంటే స్ప్రింగునే మార్చాలి. గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 4 మి.మీ. తీగ బదులు 4.2 మి.మీ. తీగ అయితే తేడా కంటికి కనిపించదు, గట్టిదనం మాత్రం నూటికి సుమారు 22 పాళ్ళు పెరుగుతుంది. చుట్టలు కోసివేస్తే కూడా గట్టిపడుతుంది, ఎందుకంటే చుట్టల సంఖ్య తగ్గే కొద్దీ గట్టిదనం పెరుగుతుంది. కాని కోసిన కొన సమంగా కూర్చోదు, మిగిలిన చుట్టలు ఒకదానికొకటి ముందే తగులుకుంటాయి. రంపంతో కోయడం సులువు, మళ్ళీ అతికించలేం.

మరి రెండు మాటలు

తలకిందుల ఫోర్కులు, లోపల కార్ట్రిడ్జి ఉన్న ఖరీదైన ఫోర్కులు ఈ పద్ధతికి లొంగవు. సీళ్ళు మార్చడానికి కాలును అడుగు బోల్టు దగ్గర విడదీయాలి, దానికి తగిన పనిముట్లు ఉండాలి. అవి తెలిసిన మెకానిక్కు చేతికి ఇవ్వడమే తెలివి. తెలిసిన మనిషి దగ్గరికి పోవడంలో చిన్నతనం లేదు. పైగా ఇదంతా తెలుసుకుని పోతే ఏం జరుగుతోందో మనకూ అర్థమవుతుంది, కొలిచి పొయ్యమని అడగగలం.

తీసిన పాత నూనెను కాలువలోనో బావి గట్టునో పారబోయవద్దు. మన ప్రాంతంలో బోర్లు ఎంత లోతుకు పోయాయో రైతు బిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. ఉన్న కొద్ది నీళ్ళను పాడు చేసుకోవద్దు. డబ్బాలో పోసి మూత పెట్టి, పాత ఆయిలు సేకరించేవాళ్ళకు చేరేలా షెడ్డులో ఇవ్వండి.

హుక్, బాయిల్ మన పరీక్షకు వచ్చే పేర్లు. ఐదేసి మార్కులు వేసుకుని వాళ్ళను మరచిపోతాం. కాని పొద్దున్నే పాల క్యాన్లతో మన ఊరి నుంచి బయలుదేరే ప్రతి బండి ముందుకాళ్ళలోనూ వాళ్ళిద్దరూ పని చేస్తూనే ఉన్నారు. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ బండి ముందు బ్రేకు పట్టి ఒకసారి నొక్కి వదలండి. ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టండి. ఒకటి మించితే స్కేలూ సిరంజీ తీయండి.